నాలుగో క్వార్టర్ ఆయాసం

2020 జూన్ 11న సోనీ సంస్థ ప్లేస్టేషన్ 5ను లోకానికి పరిచయం చేసినప్పుడు చూపించిన ఆటల్లో ఒక చిన్న దృశ్యం ఉంది. ఖాళీ జిమ్ము. బాస్కెట్‌బాల్ ఆటగాడు జయాన్ విలియమ్‌సన్ ఒక్కడే బంతి ఆడిస్తుంటాడు. ఒళ్లంతా చెమట. ఆ చుక్కల మీద దీపాల వెలుగు తళుక్కుమంటుంది. ఆట పేరు ఎన్‌బీఏ 2కే21. కొత్త యంత్రం ఎంత గొప్పదో చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న సాక్ష్యం చెమట.

తెలిసి ఎంచుకున్నారో తెలియక ఎంచుకున్నారో గానీ, మన లాక్షణికులకు ఇది పాత చర్చే. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం ఒకటి. స్తంభం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం తక్కినవి. చెయ్యి తిప్పడం, కనుబొమ్మ ఎగరెయ్యడం నటుడికి అభ్యాసంతో వస్తాయి. సాత్త్వికం అలా రాదు, మనసు ఏకాగ్రమైతేనే పుడుతుందన్నాడు ఆయన. ఒళ్లు తడిసినంత మాత్రాన స్వేదం కాదన్నమాట. కొత్త యంత్రం మీది బాస్కెట్‌బాల్ ఆటను విలువ కట్టడానికి నాకు ఇంతకన్నా మంచి కొలత దొరకలేదు.

ఈ ఆటను నేను తీరిగ్గా చూసింది తుమ్మలపల్లెలో, మా అక్కావాళ్ల ఇంట్లో. కడప జిల్లా వేముల మండలం, పులివెందులకు దగ్గర. 2012లో యురేనియం గని, మిల్లు పనిలోకి వచ్చాక ఊరి పేరు దేశానికంతా తెలిసింది. అంతకుముందు నుంచీ ఉన్నవి చీనీ తోటలు, అరటి తోటలు, శనక్కాయ చేలు, ఎండ. ఈ ఎండలో చెమట మెరవదు. పుట్టినచోటే ఆరిపోతుంది. సాయంత్రానికి చొక్కా వీపు మీద ఉప్పు తెల్లటి చారలై మిగులుతుంది. గనిలో షిఫ్టు దిగి వచ్చిన బావ టీవీ ముందు నిలబడి జయాన్ మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి, "ఇదేం చెమటబ్బా, నూనె పూసినట్టుండాది. మొగంలో ఆయాసం యాడుంది?" అన్నాడు. భరతుడి సూత్రానికి ఇంతకన్నా చక్కటి వ్యాఖ్యానం నేను వినలేదు.

అయితే బావ తీర్పు సగమే. ఆయన చూసింది మొహాన్ని. ఆయాసం ఉన్నచోటు వేరు. దాన్ని నాకు పట్టిచ్చింది మేనల్లుడు: "మామా, బంతిని సూడాకు. కాళ్లు సూడు."

చూశాను. పాత యంత్రాల మీద ఈ ఆటలో మనుషులు పరుగెత్తుతున్నట్టే ఉండేది గానీ, అరికాలు నేలను పట్టేది కాదు. ఒళ్లు ఒకవైపు పోతుంటే పాదం మరోవైపు జారేది. 2020 నవంబరులో కొత్త యంత్రాలకని మళ్లీ మొదటినుంచి కట్టినప్పుడు ఆటను తయారుచేసిన విజువల్ కాన్సెప్ట్స్ వాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఈ జారుడు మీదే. యానిస్ అంటెటొకూంపో మూడు పాయింట్ల గీత దగ్గర బంతి అందుకుంటాడు. ఎడమకాలు పాతుకుంటుంది. మోకాలు వంగుతుంది. బరువు మడమ మీంచి ముని వేళ్ల మీదికి వస్తుంది. ఆ తర్వాతే మొదటి అంగ. రెండో అంగకు అడ్డమొచ్చినవాడి భుజం తగిలి మొండెం పక్కకు తిరుగుతుంది. మూడో అంగకు ఆ తిరుగుడును సరిచేసుకుంటూనే గాల్లోకి లేస్తాడు. ఏ కదలికకూ ముందరి కదలికతో లంకె తెగదు. కారణం లేకుండా ఏ కాలూ లేవదు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇక్కడ మోకాళ్లలోనూ మడమల్లోనూ కనిపిస్తుంది. చర్మం మీది చెమటకన్నా ఈ పాదం మోపడం ఎన్నో రెట్లు గొప్ప పనితనం. ప్రకటనల్లో దీన్ని చూపించడం కష్టం. ఆడుతూ పోతేనే తెలుస్తుంది.

ఇక ఆయాసం సంగతి. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కు వెనకవైపు ట్రిగ్గర్లు ఉంటాయి. కుడిచేతిది నొక్కి పట్టుకుంటే ఆటగాడు పరుగు అందుకుంటాడు. మొదటి క్వార్టర్లో అది మెత్తగా దిగుతుంది. వేలికి దాని ఉనికే తెలియదు. మనం ఆటగాణ్ని ఊరికే అటూ ఇటూ పరుగెత్తించి అతడి శక్తి కరిగించామనుకోండి, ట్రిగ్గరు బిగుస్తుంది. తెర మీద అతడి అంగ కురచవుతుంటే, ఇక్కడ చూపుడువేలు నెప్పెడుతుంది. నాలుగో క్వార్టర్లో రెండు పాయింట్లు వెనకబడి, ఆఖరి నిమిషంలో అవతలి రింగు దాకా పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ బిగువును తోస్తూ వెళ్లాలి. రింగు కింద జోయెల్ ఎంబీడ్ లాంటి కొండమనిషికి వీపు ఆనించి వెనక్కి నెట్టేటప్పుడు ఎడమ ట్రిగ్గరూ అలాగే మొరాయిస్తుంది.

ఈ ఆటలో రసం పుట్టే చోటు ఇదే. తెర మీదివాడి అలసట చూసేవాడి చేతికి వచ్చింది. అది జయాన్ అలసట కాదు, నాదీ కాదు. ఎవరిదని వేరుచెయ్యడానికి వీల్లేని వట్టి ఆయాసం. సాధారణీకరణమని భట్టనాయకుడి కాలం నుంచి మనవాళ్లు చర్చించింది ఇదే. సోఫాలో కూర్చుని మామిడికాయ ముక్క నములుతున్న మేనల్లుడు ఆ ఆఖరి నిమిషంలో నమలడం మానేశాడు. స్తంభం. వాడి నుదుట చెమట పట్టింది. ఆ చెమటకు వెలుగు తళుకుల్లేవు. స్వేదమంటే అదీ.

నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ల ఆట చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. మేకతోలు మీద అన్ని రంధ్రాలు పొడిచి, అన్ని రంగులద్దిన బొమ్మ తెరకు ఆనించి ఊరికే నిలబెడితే అందమైన తోలు మాత్రమే. కర్ర పట్టిన చెయ్యి మణికట్టు దగ్గర ఒక్క విసురు విసిరితే హనుమంతుడు సముద్రం దాటుతాడు. ఆడించేవాడి చేతికీ బొమ్మకూ మధ్య ఉన్న కర్రలోనే ఆ విద్య అంతా ఉంది. కంట్రోలరు ఇక్కడ ఆ కర్ర. ఇన్నాళ్లూ ఈ ఆటలు బొమ్మకే రంగులద్దుతూ వచ్చాయి. ఈసారి కర్రను బాగుచేశారు.

ఆయాసం మొదటి గుణమైతే, రెండో గుణం కాలం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో రింగుకు వెయ్యాలి. 1954లో వచ్చిన నిబంధన ఇది. సిరక్యూజ్ జట్టు యజమాని డానీ బియాసోన్ ఒక చక్కటి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి 120 షాట్లు వేస్తాయని అంచనా కట్టి, 48 నిమిషాల ఆటకు ఉన్న 2,880 సెకన్లను 120తో భాగించాడు. అలా వచ్చింది 24. ఆటంతా ఆ లయమీదే నడుస్తుంది. వీడియో గేమ్ ఆ లయను ఇంకా లోపలికి తీసుకుపోతుంది. బటన్ నొక్కి పట్టుకుంటే చేతులు పైకి లేస్తాయి. సరిగ్గా పైకొసన వదలాలి. ఒక రవ్వ ముందైతే బంతి రింగుకు తగిలి తిరిగొస్తుంది, ఒక రవ్వ ఆలస్యమైనా అంతే.

ఆ రవ్వ అందరికీ ఒకటి కాదు. స్టెఫెన్ కరీకి బంతి చేతికి తగిలీ తగలకముందే వదలాలి. డర్క్ నొవిట్‌స్కీ ఒంటికాలి మీద వెనక్కి ఒరిగేదాకా ఓపిక పట్టాలి. కరీం అబ్దుల్ జబ్బార్ స్కైహుక్‌లో చెయ్యి చాపి, నిదానంగా అర్ధవృత్తం గీసి, ఆ పైన వదులుతాడు. మొహాలు కప్పేసి వట్టి నీడలు చూపించినా ఎవరెవరో చెప్పొచ్చు. పాత్రను పాత్రగా నిలబెట్టడమంటే ఇదే. అందుకే షాటు సమయం చూపించే గీతను సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేసి ఆడమంటాను. గీతను చూసి ఆడేవాడికి లెక్క తెలుస్తుంది, భుజాన్ని చూసి ఆడేవాడికి కరీ తెలుస్తాడు.

మూడోది శబ్దం. ఈ ఆట ప్లేస్టేషన్ 5తో పాటు వచ్చిన రోజుల్లో అసలు స్టేడియాల్లో జనం లేరు. కోవిడ్ వల్ల 2019-20 సీజన్‌ను ఓర్లాండోలో ప్రేక్షకులు లేకుండానే ముగించారు. లోకమంతా మూగబోయిన ఆ రోజుల్లో ఈ ఆటలో మాత్రం గ్యాలరీలు కిక్కిరిసి ఉన్నాయి. ఎదుటి జట్టు గడ్డ మీద ఫ్రీ త్రో వేసేటప్పుడు జనం గోల, షాటు పడగానే చప్పున చల్లబడడం, చెక్కనేల మీద బూట్ల కీచు, బంతి వల దాటిన సవ్వడి, పైన వ్యాఖ్యాత కెవిన్ హార్లన్ గొంతు. వేటి మోతాదులో అవి ఉన్నాయి. మ్యాచ్ లోడు కావడానికి పట్టేది కొద్ది సెకన్లే కాబట్టి పట్టు సడలదు.

ఇన్ని చెప్పాక దోషం చెప్పకపోతే అది విమర్శ కాదు, భజన. అభినవగుప్తుడు రసానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం వాటిలో ఒకటి. ఈ ఆటలో మనకంటూ ఒక ఆటగాణ్ని తయారుచేసుకుని పెంచుకునే విభాగం ఉంది. వాడి బలం పెంచాలంటే వీసీ అనే ఆటలోని డబ్బు కావాలి. ఆడి సంపాదించవచ్చు, అసలు డబ్బు పెట్టి కొనుక్కునే వీలూ ఉండేది. కొనుక్కోకపోతే సంపాదన నత్తనడక. ఇక ప్రతి మ్యాచ్ తర్వాతా ఎంత వచ్చింది, ఇంకా ఎంత కావాలి అన్నదే ధ్యాస. లాభనష్టాలు లెక్కపెట్టుకునేవాడికి రసం అందదు. కోర్టు చుట్టూ కట్టిన నగరంలో బట్టల కొట్లు, బూట్ల కొట్లు ఉండేవి. 2020 అక్టోబరులో పాత యంత్రాల మీది ఆటలోనైతే మ్యాచ్‌కు ముందు దాటెయ్యడానికి వీల్లేని వాణిజ్య ప్రకటన కూడా వేశారు. గగ్గోలు పుట్టాక, అది అక్కడ రావాల్సింది కాదని సంస్థే ఒప్పుకుంది. పూర్తి ధర కట్టి కొన్నవాడికి ఇది అవమానం.

ఈ తగువును తీర్చింది కాలమే. 2022 డిసెంబరు 31న ఎన్‌బీఏ 2కే21 సర్వర్లు ఆపేశారు. నగరం, కొట్లు, కొనుక్కున్న బూట్లు అన్నీ పోయాయి. డిస్కులో మిగిలింది కోర్టు, జట్లు, ఆ కాళ్లు, ఆ బిగిసే ట్రిగ్గరు. తుమ్మలపల్లెలో మేనల్లుడు ఇంటర్నెట్టు లేకుండానే ఇప్పటికీ ఆడుతున్నది అదే. తర్వాతి ఏళ్లలో కొత్త భాగాలు వచ్చాయి. ఎన్‌బీఏ 2కే24 నుంచి అసలు మ్యాచ్‌ల వీడియోల నుంచే కదలికలు తీసుకుంటున్నారు. చూడ్డానికి ఇంకా బాగుంది. బాస్కెట్‌బాల్ బరువును మొదటిసారి చేతికి అందించిన ఘనత మాత్రం 2కే21దే.

నా తీర్పు: కోర్టు లోపల ఇది ఉత్తమ కావ్యం, కోర్టు బయట సంత. కొత్త యంత్రం కొనబోయేవాళ్లకు ఒక మాట. దుకాణంలో వాడు చూపించే చెమట చుక్కలు, తళుకులు పక్కన పెట్టండి. ఒక మ్యాచ్ నాలుగో క్వార్టర్ దాకా ఆడనివ్వమని అడగండి. అప్పటికి మీ వేలు నెప్పెడితే కొనండి.