12వ కాలు దగ్గర 6 వోల్టులు

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఈ వారం ఓ బుల్లి బోర్డు తెచ్చాడు. పీఏఎం8403 యాంప్లిఫయర్. తపాలా బిళ్లంత ఉంటుంది. మొబైల్ చార్జర్ 5 వోల్టులు ఇస్తే రెండు స్పీకర్లు మోగుతాయి. ‘ఇది ఎలా పనిచేస్తుందిరా?’ అన్నాను. ‘పెడితే మోగుతుంది మామయ్యా’ అన్నాడు. ఆ జవాబు విని నాకు చిర్రెత్తుకొచ్చింది.

వాడి వయసులో నేను మా ఊరి బస్టాండు ఎదుట రేడియో షాపులో బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చునేవాణ్ని. టేపురికార్డర్లు, కారు స్టీరియోలు వరసగా రిపేరుకొచ్చేవి. మూత తీస్తే చాలాసార్లు టీబీఏ810 కనిపించేది. ఇటలీకి చెందిన ఎస్‌జీఎస్-ఏటీఈఎస్ కంపెనీ 1970ల తొలినాళ్లలో తెచ్చిన యాంప్లిఫయర్ ఐసీ అది. 12 కాళ్లు, ఒంటికి అటూ ఇటూ రెండు రేకు రెక్కలు. ఆ రెక్కల గుండానే వేడి బయటికి పోవాలి. వాటికి మంచి రేకు ముక్క అతికించకుండా ఆ షాపులో నాకు పని నేర్పిన మాస్టారు కరెంటు ఇచ్చేవారు కాదు.

ఏ సెట్టు వచ్చినా ముందు పాట పెట్టి వినేవారు కాదాయన. మల్టీమీటర్ నల్ల తీగ గ్రౌండుకు ఆనించి, ఎర్ర తీగ 12వ కాలు మీద పెట్టేవారు. అది అవుట్‌పుట్. సప్లై 12 వోల్టులైతే అక్కడ 6 ఉండాలి. ‘సగముందా?’ అని అడిగేవారు. పాట అల పైకీ కిందికీ సమానంగా ఊగాలంటే, పాట లేనప్పుడు అవుట్‌పుట్ సరిగ్గా మధ్యలో నిలబడాలి. సగం లేదంటే ఐసీ పోయి ఉంటుంది, లేదా చుట్టూ ఉన్న కండెన్సర్లలో ఏదో లీకవుతోంది. సగముండీ శబ్దం రాకపోతే స్పీకర్‌కు వెళ్లే 1000 ఎంఎఫ్‌డీ కండెన్సర్ చూడాలి. అదీ బాగుంటే స్క్రూడ్రైవర్ మొన మీద వేలుంచి వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకు తాకించేవారు. స్పీకర్ బుర్రుమంటే యాంప్లిఫయర్ బతికే ఉంది, తప్పు అంతకు ముందు దశలో ఉంది. కాలేజీలో ఏళ్లు గడిచినా నాకు ఎక్కని బయాసింగ్, అంటే అవుట్‌పుట్‌ను ఇలా మధ్యలో నిలబెట్టడం, ఆ బల్ల దగ్గర అర్థమైంది.

అందుకే ఆ చిప్పంటే నాకు ప్రేమ. కానీ వాట్ల సంగతిలో అబద్ధం చెప్పకూడదని నా పట్టుదల. పీఎంపీవో పేరిట క్షణకాలపు గరిష్ఠ వాట్లను గొప్పగా అచ్చేసిన డబ్బాలంటే నాకు కోపం. వాట్లను ఉబ్బించే ఆ జబ్బు అంతకంటే పాతది. 1968లో క్లైవ్ సింక్లెయిర్ ఐసీ-10 అమ్మినప్పుడు పేరులో వేసుకున్న 10 వాట్లు పీక్ లెక్క. నిలకడగా ఇచ్చేది 5. టీబీఏ810 కూడా 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల స్పీకర్‌కు 6 వాట్లిస్తుందంటే, అందులో వక్రీకరణ 10 శాతం. అంత గట్టిగా పెడితే గొంతు బొంగురుపోతుంది. శబ్దం పాతదైనంత మాత్రాన మధురం కాదు.

ఆదివారం ఇంకో పని చేశాను. మేనల్లుడి బోర్డుకు పాట తీసేసి, స్పీకర్‌కు వెళ్లే ఒక తీగ మీద మీటర్ పెట్టాను. రెండున్నర వోల్టులు. రెండో తీగ మీదా అంతే. 5లో సగం! ఈ క్లాస్-డి చిప్పు అవుట్‌పుట్‌ను 0కీ 5కీ మధ్య సెకనుకు లక్షలసార్లు తిప్పుతుంది. పాట లేనప్పుడు పైనా కిందా సమానంగా గడుపుతుంది కాబట్టి మీటర్ సగటు చూపిస్తుంది. రెండు తీగలూ ఒకే ఎత్తులో ఉన్నాయి గనుక స్పీకర్ గుండా డీసీ పారదు, ఆ పెద్ద కండెన్సర్ అక్కర్లేదు. ఈ బోర్డుల్లో స్పీకర్ తీగను గ్రౌండుకు కలపకూడదనేదీ అందుకే. ఇవన్నీ చెబుతుంటే వాడి కళ్లు మీటర్ మీదే ఉన్నాయి. ఆ తర్వాత వాడే నన్ను ప్రశ్నలడిగాడు.

బోర్డులో లోపం లేదు. దాని మీద మీటర్ పెట్టి చూపించేవాళ్లే కరువయ్యారు.

కాబట్టి టీబీఏ810 కోసం బజార్లు తిరగకండి. అసలు కంపెనీ దాన్ని ఎప్పుడో ఆపేసింది, పేరు చెరిపి మళ్లీ అచ్చేసిన సరుకు తిరుగుతోంది. నిజమైనది దొరికితే పాత సెట్టు బాగుచేయడానికి దాచండి. వినడానికి కొత్త బోర్డు కొనుక్కోండి, అంతగా వేడెక్కదు, కరెంటు మిగులుతుంది. నేర్పడానికి ఎల్ఎం386 అనే యాంప్లిఫయర్ ఐసీ ఉంది, ఇప్పటికీ తయారవుతోంది. 8 కాళ్లు, 9 వోల్టుల బ్యాటరీ. 1, 8 కాళ్లను వదిలేస్తే గెయిన్ 20. ఆ రెండింటి మధ్య 10 ఎంఎఫ్‌డీ కండెన్సర్ పెడితే 200. దాని 5వ కాలు మీదా సగమే ఉంటుంది. లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే: ప్రాజెక్టు కిట్‌తో పాటు ప్రతి విద్యార్థి చేతికీ ఓ మల్టీమీటర్ ఇవ్వండి. పాట పెట్టకముందే అవుట్‌పుట్ వోల్టేజి కొలిపించండి.