నీలి గోడల ఇంటికి బతుకుతెరువు

మలేసియాలోని పెనాంగ్ దీవిలో, జార్జ్ టౌన్ పట్టణంలో, లీత్ వీధి వెంట నడిచేవాళ్లను ఒక మేడ నిలబెట్టేస్తుంది. గోడలన్నీ ముదురు నీలం. ఆ మేడలో 38 గదులు, రాయి పరచిన 5 లోగిళ్లు, 7 మెట్లదారులు, 220 కిటికీలు ఉన్నాయి. లోపల చైనా వడ్రంగుల చెక్కడపు తెరలకు బంగారు రేకు మెరుస్తుంటుంది. వాటి పక్కనే స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చిన పోత ఇనుప పని, కాళ్ల కింద ఇంగ్లండ్‌లోని స్టోక్ ఊరి నేల పలకలు, కిటికీల్లో రంగుటద్దాలు. ఇన్ని దేశాల సరుకు ఒకే కప్పు కింద చేరినా ఏదీ మరొకదాన్ని తోసేయదు. ఈ మేడ ఈ రోజు నిలిచి ఉండటం వెనుక ఒక దంపతుల పట్టుదల ఉంది. భర్త లారెన్స్ లోహ్ వాస్తుశిల్పి. భార్య లిన్ లీ లోహ్-లిమ్ ఈ ఇంటి చరిత్రను తవ్వి తీసి, పుస్తకంగా రాసి, దీన్ని తన కాళ్ల మీద నిలబడే హోటల్‌గా నడిపించిన మనిషి. పాత కట్టడాన్ని బాగుచేసి కొత్త అవసరానికి మలచడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆవిడ పనిని దగ్గరగా చూడాలి.

ముందు ఇంటి యజమాని సంగతి. చియోంగ్ ఫాట్ జీ 1840లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పేద కుటుంబంలో పుట్టాడు. చిన్న వయసులోనే ఊరు విడిచి బటావియా (నేటి జకార్తా) చేరి, వర్తకంలో అంచెలంచెలుగా పైకొచ్చాడు. చైనా చక్రవర్తి తరఫున పెనాంగ్‌లో వైస్ కాన్సుల్ బాధ్యత కూడా మోశాడు. 1892లో చైనాలోని యాంటాయ్‌లో అతను పెట్టిన చాంగ్‌యూ ద్రాక్షసారా కంపెనీ నేటికీ నడుస్తోంది. ఎన్నో ఊళ్లలో ఇళ్లున్నా పెనాంగ్ ఇంటి మీద అతనికి ప్రత్యేకమైన మమకారం. చైనా నుంచి ఆరితేరిన పనివాళ్లను రప్పించి 19వ శతాబ్దం చివర్లో ఈ మేడ కట్టించాడు. చివరి కొడుకు బతికున్నంత కాలం ఇల్లు అమ్మకూడదని వీలునామా రాశాడు. 1916లో అతను పోయాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఇల్లు మెల్లమెల్లగా క్షీణించింది. గదుల్లో అద్దెకున్న కుటుంబాలు కిక్కిరిశాయి. కప్పు కారింది, గోడలు చెమ్మెక్కాయి. 1989లో ఆ చివరి కొడుకూ కన్నుమూశాక మేడ అమ్మకానికి వచ్చింది.

అప్పటికి జార్జ్ టౌన్‌లో పాత ఇళ్లకు గడ్డుకాలం. అద్దెల నియంత్రణ చట్టం వల్ల అద్దెలు ఏనాటి రేట్ల దగ్గరో ఆగిపోయాయి. మరమ్మతుకు యజమాని చేతిలో డబ్బు మిగిలేది కాదు. ఇంకోవైపు నేల విలువ పెరుగుతోంది. ఇల్లు పడగొట్టి స్థలం అమ్ముకోవడమే తెలివైన వ్యాపారం అనిపించే రోజులవి. అలాంటప్పుడు లోహ్ దంపతులు మరికొందరు మిత్రులతో కలిసి ఈ ఇంటిని కొన్నారు. అందరూ నేల కొంటుంటే వీళ్లు గోడలు కొన్నారు.

బాగుచేత గోడల దగ్గరే మొదలవుతుంది. పాత ఇటుక గోడ నేలలోని తేమను పీల్చుకుంటుంది. గోడ మీది పూత సున్నంతో చేసినదైతే ఆ తేమ పూతలోంచే నెమ్మదిగా బయటికి ఆరిపోతుంది. అదే గోడకు సిమెంటు పూస్తే పని త్వరగా అవుతుంది, పైకి గట్టిగానూ కనిపిస్తుంది. కానీ తేమకు దారి మూసుకుపోతుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడిపొడి చేస్తుంది. కొన్నేళ్లకు సిమెంటు పెచ్చులుగా ఊడిపడుతుంది, ఊడుతూ ఇటుకనూ వెంట లాక్కుపోతుంది. పాత కట్టడాలకు మంచి ఉద్దేశంతో చేసే కీడుల్లో ఇదే పెద్దది. అందుకే పాత గోడకు మళ్లీ సున్నమే ఇవ్వాలి. సున్నానికి ఓపిక కావాలి. నానబెట్టాలి, మాగనివ్వాలి, పలచటి పొరలుగా వేయాలి, ఒక పొర బిగుసుకున్నాకే మరో పొర వేయాలి. మన తాపీ మేస్త్రీల్లో పెద్దతరం వాళ్లకు ఇదంతా కొత్త కాదు. గానుగ సున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు వాళ్ల చేతిలో ఆడినవే.

ఆ నీలం రంగు కూడా సున్నం బిడ్డే. తెల్లసున్నంలో నీలిమందు కలిపి వేసిన వెల్ల అది. ఆ నీలిమందు ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ల ఓడల మీద భారతదేశం నుంచే పెనాంగ్ చేరేది. మన కడప సీమ నీలి పంటకు పేరుపడ్డ నేల. అక్కడి నీలి విదేశీ బజారులో ‘కుర్పా’ అనే పేరుతో అమ్ముడయ్యేది. ఎండా వానా రెండూ విపరీతంగా ఉండే పెనాంగ్‌లో ఈ నీలి వెల్ల అందంతోపాటు రక్షణ కూడా. తేమను పీల్చుకుంటుంది, ఇంటిని చల్లబరుస్తుంది, గోడకు హాని లేకుండా ఆ తేమను మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. డబ్బా రంగు వేస్తే రంగు ఒక్కటే వస్తుంది, ఈ ఉపకారం రాదు. ఇక్కడ నీలిమందు, సున్నం కలిసిన వెల్లను నిలబెట్టడమంటే ఇంటి చర్మాన్ని దానికి తిరిగి ఇవ్వడమే.

ఇక తల ఎత్తి చూడాల్సిన పని ఇంకొకటి ఉంది. కప్పు అంచుల మీద, గోడల పైభాగాన పూలు, పక్షులు, కథల్లోని మనుషులు కొలువుదీరి ఉంటారు. దూరం నుంచి చూస్తే రంగు వేసిన బొమ్మలనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ప్రతి రేకూ, ప్రతి ఈకా ఒక పింగాణీ ముక్క. దక్షిణ చైనాలో పుట్టిన ఈ కళను ‘జియాన్ నియాన్’ అంటారు. రంగురంగుల పలచటి పింగాణీ గిన్నెలను పటకారు లాంటి పనిముట్టుతో కత్తిరిస్తారు. సున్నపు ముద్దతో బొమ్మ ఆకారం చేసుకుని, అది ఆరకముందే ముక్కలను ఒక్కొక్కటిగా గుచ్చుతారు. ఇందులో కిటుకంతా గిన్నె వంపులో ఉంది. గిన్నెకున్న వంపే పూరేకు వంపవుతుంది. అంచు దగ్గరి ముక్కకు ఒక వంపు, అడుగు దగ్గరి ముక్కకు ఇంకో వంపు. ఏ రేకుకు గిన్నెలోని ఏ భాగం కావాలో పనివాడి కన్ను ముందే పట్టేస్తుంది. గట్టిగా నొక్కితే గిన్నె పగులుతుంది, మెల్లగా నొక్కితే తెగదు. రంగు పింగాణీలోనే కాలి ఉంటుంది కనుక ఎండకు వెలిసిపోదు. ఈ పని చేయగలిగినవాళ్లు పెనాంగ్‌లో లేకపోతే చైనా నుంచి పనివాళ్లను పిలిపించి చేయించారు. ఫ్యాక్టరీ బొమ్మలు తెచ్చి అతికిస్తే ఖర్చు తగ్గేది, కింద నిలబడి చూసేవాళ్లలో చాలామంది తేడా పట్టలేకపోయేవారు. పట్టగలిగిన ఆ కొద్దిమంది కోసం, అంతకంటే ఎక్కువగా ఆ ఇంటి కోసం, కష్టమైన దారే ఎంచుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

ఇంత చేశాక ఒక ప్రశ్న మిగులుతుంది. రేపు దీన్ని ఎవరు పోషిస్తారు? వెల్ల మళ్లీ మళ్లీ వేయాలి, కప్పు పెంకులు సర్దాలి, చెదలు కనిపెడుతూ ఉండాలి. చందాల మీద బతికే కట్టడం చందా ఆగిన రోజున మళ్లీ శిథిలమవుతుంది. లిన్ లీ వ్యాపార దక్షత ఇక్కడ కనిపిస్తుంది. మేడను హోటల్‌గా మార్చారు. బస చేయనివాళ్లు కూడా వచ్చి చూసేలా, ఇంటి కథ చెబుతూ తిప్పి చూపించే ఏర్పాటు చేశారు. సినిమావాళ్లూ వచ్చారు. 1992 నాటి ‘ఇండోచైన్’లోనూ, 2018 నాటి ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’లోనూ ఈ ఇల్లు కనిపిస్తుంది. ఇల్లు తన తిండి తానే సంపాదించుకుంటోంది.

హోటల్ అనగానే ప్రమాదం పొంచి ఉంటుంది. గదికో స్నానాలగది, గొట్టాలు, కరెంటు తీగలు, చల్లటి గాలి యంత్రాలు అన్నీ కావాలి. వాటి పేరుతో పాత ఇంటిని తొలిచేసిన హోటళ్లు లోకంలో కోకొల్లలు. ఈ మేడలో మాత్రం నడిమి లోగిలి ఇప్పటికీ ఆకాశానికి తెరిచే ఉంది. గాజు కప్పు వేసి బల్లలు పరిస్తే ఎంత ఆదాయమో లెక్క వేయడం కష్టం కాదు. కానీ వెలుతురు, గాలి, వాన ఇంట్లోకి దిగేది ఆ లోగిలి గుండానే. అది మూసేస్తే 220 కిటికీలున్నా ఇల్లు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆదాయం కోసం దేన్ని ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలియడమే ఈ వృత్తిలో అసలైన నైపుణ్యం.

ఆసియా–పసిఫిక్ ప్రాంతంలో వారసత్వ కట్టడాల సంరక్షణకు యునెస్కో 2000లో తొలిసారి పురస్కారాలిచ్చింది. ఆ మొదటి ఏడాదే అత్యుత్తమ పురస్కారం ఈ మేడకు దక్కింది. 2008లో జార్జ్ టౌన్, మలక్కాతో కలిసి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. పెనాంగ్ హెరిటేజ్ ట్రస్ట్‌లో లిన్ లీ చేసిన సేవ కూడా ఊరి మీద ఆవిడకున్న ప్రేమకు నిదర్శనమే.

మనకూ ఇది పరాయి పాఠం కాదు. హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటల్‌గా తలుపులు తెరిచింది. అది రాజుల స్థాయి. గోదావరి జిల్లాల్లోని మండువా లోగిళ్లు మన స్థాయి. పెనాంగ్ మేడలాగే ఇవీ నడుమ ఆకాశానికి తెరిచిన ఇళ్లే. వారసులు పట్నాల్లోనో విదేశాల్లోనో ఉంటే, దూలాలు, స్తంభాలు కలప ధరకు, స్థలం గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. వాటిని కాపాడాలనుకునేవాళ్లు ఎక్కువగా మొదట అడిగే ప్రశ్న ‘దీంతో ఏం సంపాదించవచ్చు’ అని. లిన్ లీ పని ఆ వరుసను తిరగేస్తుంది. ఇల్లు దేనితో కట్టారు, ఆ పని తెలిసిన చేతులు ఎక్కడున్నాయి అన్న ప్రశ్నలు ముందు రావాలి. సంపాదన ప్రశ్న మూడోది. మొదటి రెండింటికి నిజాయితీగా జవాబు చెప్పిన ఇల్లే మూడోదానికి దీటైన జవాబు చెప్పగలదు. ఎందుకంటే అతిథి డబ్బిచ్చేది ఆ సున్నానికి, ఆ పింగాణీ పూరేకుకు, ఆ తెరిచిన లోగిలికే. అవి పోయాక అమ్ముకోవడానికి మిగిలేది నేల మాత్రమే.