మొండితనం ఎవరిది? – ‘సైలస్ మార్నర్’ గురించి

మతజీవితాన్ని చిత్రించిన నవల చేతికి వచ్చినప్పుడు మన అభ్యుదయ విమర్శకులలో కొందరు రెండే రెండు బుట్టలు దగ్గర పెట్టుకుంటారు. భక్తిని మెచ్చుకుంటే అభివృద్ధి నిరోధకం, పాదిరీని తిడితే అభ్యుదయం. జార్జి ఎలియట్ 1861లో ప్రకటించిన ‘సైలస్ మార్నర్’ ఈ రెండింటిలోనూ ఇమడదు. మన కళాశాలల్లో ఒకప్పుడు ఇంగ్లీషు ఉపవాచకంగా చదివించిన నవలే ఇది. బంగారం కన్న బిడ్డ మిన్న అనే నీతి చెప్పి పాఠం ముగించటం రివాజు. ఆ నీతి అబద్ధం కాదుగాని, నవలలోని అసలు సమస్య అది కాదని నా అభిప్రాయం. సంఘం చేతిలో దెబ్బతిన్న మనిషి మొండికెత్తి ముడుచుకుపోవటం, ఆ మొండితనం మళ్ళీ నలుగురి మధ్యనే సడలటం – సమస్య ఇది.

సైలస్ ఉత్తర ఇంగ్లండులోని ఒక పారిశ్రామిక పట్టణంలో నేతగాడు. లాంటర్న్ యార్డ్ అనే చోట కూడే చిన్న క్రైస్తవ సంఘమే అతనికి సర్వస్వం. అది ప్రభుత్వ చర్చికి వెలుపలి పేదల సంఘం. ఎంత పేదవాడికైనా అక్కడ మాటకు విలువ వుంది, కనీసం ఓటు వుంది. ఆనాటి ఇంగ్లండులో నేతగాడికి మరెక్కడా అది లేదు. ఎలియట్ దీన్ని చులకన చేయలేదు. కాని సంఘం డబ్బు పోయినప్పుడు, న్యాయస్థానానికి పోవటం తమ నియమానికి విరుద్ధమని, అదే సంఘం ప్రార్థన చేసి చీట్లు వేసింది. చీటీ సైలస్‌ను దోషి అన్నది. దొంగతనం అతని మీదకు నెట్టినవాడు ప్రాణస్నేహితుడు. సైలస్‌కు కాబోయే భార్యను పెళ్ళాడిందీ అతడే. న్యాయమెరిగిన దేవుడు లేడని సైలస్ ఊరు విడిచాడు. ఆ తరువాత రావెలో గ్రామంలో పదిహేనేళ్ళు, పగలు మగ్గం, రాత్రి నాణేల లెక్క. పాదిరీలు దీన్ని హృదయకాఠిన్యం అంటారు. నేను దీన్ని అన్యాయానికి గురైన ఒంటరివాడి ఆత్మరక్షణ అంటాను. ఆత్మరక్షణే అయినా అది అతన్ని లోలోపల తినివేసింది.

ఆ బిగువు ఎలా సడలింది? బంగారం దొంగల పాలయిన తరువాత డాలీ విన్‌త్రప్ అనే ఇల్లాలు అతని గుడిసెకు రొట్టెలు తెస్తుంది. చర్చిలో ప్రసంగ వేదిక మీద కప్పే గుడ్డపై వున్న ఐ.హెచ్.ఎస్. అనే అక్షరాలు ఆ రొట్టెల మీద ముద్రించి వుంటాయి. అవి యేసు నామానికి గుర్తు. ఆమెకు చదవటం రాదు. అక్షరాలు పోల్చుకున్న సైలస్‌కు వాటి అర్థం తెలియదు. మంచిదే అయి వుంటుందని ఆమె నమ్మకం, అంతే. సిద్ధాంతం అనేది ఆ గుడిసె గడప దాటలేదు, రొట్టె దాటింది. అయినా సైలస్ అప్పుడే మారలేదు, చర్చికీ పోలేదు. తల్లి మంచులో చచ్చిపడివుండగా ఎప్పీ అనే పసిపాప అతని పొయ్యి దగ్గరకు తప్పటడుగులతో వచ్చాక, డాలీ తన కొడుకు పాత బట్టలు తెచ్చి, పిల్లకు బాప్తిస్మం ఇప్పించమని చెప్పాక, పిల్ల కోసం మొదటిసారి రావెలో చర్చిలో అడుగు పెట్టాడు. తాను ఎరిగిన మతమూ ఇదీ ఒకటేనని కూడా అతనికి తోచలేదు.

ఇది రాసింది విశ్వాసం పోయిన మనిషి. 1842లో, ఇరవై రెండేళ్ళ వయసులో, చర్చికి రానని తండ్రితో తగాదాపడింది. కొన్ని నెలల తరువాత, నా ఆలోచనలు నావే అనే షరతు మీద, ఆయన వెంట వెళ్ళింది. నాస్తికురాలు సడలించుకున్న మొండితనం ఇది. సైలస్ పాత్రకు బీజం ఇక్కడే వున్నదని నా అనుమానం. తరువాత 1854లో ఫాయర్‌బాహ్ ‘క్రైస్తవ మత సారాంశా’న్ని ఇంగ్లీషులోకి అనువదించింది. దేవుడికి అంటగట్టిన గుణాలు నిజానికి మనిషివే అన్న ఆ వాదం డాలీ రొట్టెల్లో కనిపిస్తుంది.

ఫాయర్‌బాహ్ లోపం కూడా ఈ నవలలో వుంది. మనిషి అన్నాడేగాని వర్గాలుగా చీలిన మనుషులు అనలేదు. సడలవలసిన భారమంతా నేతగాడి మీద పడింది. పిల్ల కన్నతండ్రి గాడ్‌ఫ్రీ, భూస్వామి కొడుకు; పదహారేళ్ళు నోరు మెదపక ప్రతి ఆదివారం చర్చిలో కూర్చున్నాడు. అతని మౌనాన్ని మొండితనమని ఎవరూ అనలేదు. ఇంత చూసీ రచయిత్రి అతన్ని కొద్దిపాటి పశ్చాత్తాపంతో వదిలిపెట్టింది.

అయితే ఒక చోట ఆమె కళ ఆమె తత్వం కంటె ముందుకు పోయింది. గాడ్‌ఫ్రీ బిడ్డ నాదని వచ్చినప్పుడు, ఈ మాట పదహారేళ్ళ కిందట ఎందుకు చెప్పలేదని సైలస్ నిలదీస్తాడు. మెత్తబడిన మనిషే అడిగిన ప్రశ్న ఇది. తీర్పు పిల్లకు వదులుతాడు. ఎప్పీ దొరసానితనం వద్దంటుంది. పనివాణ్ణి చేసుకుంటానని మాట ఇచ్చానంటుంది. పగను వదులుకోవటమూ హక్కును వదులుకోవటమూ ఒకటి కాదని ఇంత స్పష్టంగా చూపిన ఘట్టాలు ఆ కాలపు నవలల్లో నాకు ఎక్కువ కనపడలేదు. ఓర్పు పేరుతో లొంగుబాటు నేర్పే ప్రసంగీకులకు ఈ ఘట్టం రుచించదు.

చివర సైలస్ ఎప్పీని తీసుకుని తన నిర్దోషిత్వం తేలిందో లేదో కనుక్కోవటానికి లాంటర్న్ యార్డ్‌కు వెళతాడు. అది లేదు. చీట్లు వేసిన చోట ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీ. మధ్యాహ్నం భోజనానికి ఆడా మగా గుంపులుగా బయటికి వస్తున్నారు. ఎలియట్ వాళ్ళను చూసింది, పలకరించలేదు.