జెల్లు కింద అల, ప్యాడు కింద కరెంటు

ఫిజియోథెరపీ గదిలో అల్ట్రాసౌండ్ యంత్రం చూడ్డానికి చిన్నదే. బల్ల మీద ఒక పెట్టె, దానికో వైరు, వైరు చివర చేత్తో పట్టుకునే హెడ్డు. పనితనమంతా ఆ హెడ్డులో ఉంది. దాని లోహపు ముఖానికి లోపలి వైపు పలుచని పింగాణీ బిళ్ల ఒకటి అతికించి ఉంటుంది. సీసం, జిర్కోనియం, టైటానియం కలిపి కాల్చిన బిళ్ల అది. వోల్టేజీ ఒక దిక్కున పెడితే ఉబ్బుతుంది, దిక్కు మార్చితే పలచబడుతుంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనిపెట్టారు. ఇక్కడ అదే గుణాన్ని తిరగేసి వాడుకుంటున్నాం. బిళ్ల సెకనుకు 10 లక్షల సార్లు కంపించాలంటే దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు ఉండాలి. తనలో పుట్టే అల పొడవులో సరిగ్గా సగం అన్నమాట. ఆ మందం కుదిరితేనే తక్కువ కరెంటుతో గట్టి కంపనం వస్తుంది.

ఇంత శ్రమపడి పుట్టించిన అలకు గాలి పెద్ద అడ్డు. హెడ్డుకీ చర్మానికీ మధ్య పలుచని గాలి పొర ఉన్నా చాలు, 99 శాతానికి పైగా అల వెనక్కి తిరిగిపోతుంది. జెల్లు పూసేది అందుకే. అందులో మందేమీ లేదు, గాలిని తప్పించి అలకు దారి ఇవ్వడమే దాని పని. మంచి థెరపిస్టు జెల్లు వేశాక హెడ్డును ఒకసారి తిప్పి బుడగలు పోగొట్టి, ఆ తర్వాతే పవర్ పెంచుతారు. హెడ్డు పని చేస్తోందో లేదో చూడ్డానికి తేలికైన పద్ధతి ఉంది. ముఖాన్ని పైకి తిప్పి నాలుగు చుక్కలు నీళ్లు పోసి, కొద్దిగా పవర్ ఇస్తే నీటి మీద సన్నని అలలు లేస్తాయి, ఒక్కోసారి తుంపర ఎగురుతుంది. చెవికి వినబడని శబ్దం కంటికి కనబడే క్షణం అదే.

హెడ్డు ముఖం మీద అల అంతటా ఒకే బలంతో రాదు. కొన్నిచోట్ల సగటుకు 4 నుంచి 6 రెట్లు ఎక్కువగా ఉంటుంది. చేయి ఒకేచోట ఆగితే ఆ బలమైన బిందువు కింద ఎముక పైపొర వేడెక్కి చురుక్కుమంటుంది. అందుకని చేయి నెమ్మదిగా, ఆగకుండా, చిన్న చిన్న వలయాలుగా కదులుతూనే ఉండాలి. ఒకసారికి చికిత్స చేసే చోటు హెడ్డు నుంచి నిజంగా అల వచ్చే వైశాల్యానికి రెండింతలు మించకూడదు. నడుమంతా రుద్దేస్తే ఎక్కడా ఏమీ జరగదు. లోతైన కండరానికి 10 లక్షల హెర్ట్జ్, చీలమండ స్నాయువు వంటి పైపై చోటుకు 30 లక్షల హెర్ట్జ్ వాడతారు. కంపనం ఎంత వేగమైతే అల అంత త్వరగా పై పొరల్లోనే ఇంకిపోతుంది మరి. దెబ్బ తాజాగా ఉంటే వేడి పుట్టకూడదు. అప్పుడు అలను 2 మిల్లీసెకన్లు పంపి 8 మిల్లీసెకన్లు ఆపుతూ నడుపుతారు.

ఫిజియోథెరపీలో ఇంకో సాధనం, చర్మం మీద అంటించిన ప్యాడ్ల గుండా పంపే కరెంటు. దానికి అడ్డు గాలి కాదు, చర్మమే. ఢిల్లీ జనవరి చలిలో చర్మం పొడిబారి పొట్టు లేచినప్పుడు ఈ అడ్డు ఇంకా పెరుగుతుంది. ప్యాడు పెట్టబోయే చోటును తుడిచి తడి చేయకపోతే, కరెంటు దొరికిన ఒకటి రెండు చోట్లే దూరి సూదులు గుచ్చినట్టుంటుంది. ఈ అడ్డును దాటడానికి 1950ల్లో వియన్నాలో హాన్స్ నెమెక్ ఒక ఉపాయం పన్నాడు. వేగంగా దిశ మారే కరెంటుకు చర్మం అంతగా అడ్డురాదు, కానీ నరానికి కావలసింది నిదానపు లయ. కాబట్టి సెకనుకు 4000 సార్లు మారే కరెంటును ఒక జత ప్యాడ్ల నుంచి, 4100 సార్లు మారేదాన్ని మరో జత నుంచి అడ్డంగా పంపాడు. శ్రుతి కాస్త తేడా ఉన్న రెండు తంబురా తీగలు కలిసి మోగితే మూడో ఊగు వినిపించినట్టు, ఆ రెండూ ఒంట్లో కలిసే చోట సెకనుకు 100 సార్ల లయ పుడుతుంది. క్లినిక్కులో ఐఎఫ్‌టీ అని పిలిచేది దీన్నే. నొప్పికి వాడే మరో కరెంటు చికిత్స టెన్స్. దాని వెనకాల 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన సిద్ధాంతం ఉంది. స్పర్శ మోసే నరాలను మేల్కొలిపితే, వెన్నుపాములో నొప్పి కబురుకు దారి ఇరుకవుతుందన్నారు వాళ్లు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం కండరాన్ని కదిలించే పని. పక్షవాతం వచ్చి పాదం వేలాడే మనిషిని తీసుకోండి. మోకాలి కింద బయటి వైపు, కాలి రెండెముకల్లో సన్నదాని మెడ దగ్గర, పాదాన్ని పైకి లేపే నరం చర్మానికి దగ్గరగా వస్తుంది. థెరపిస్టు కలంలాంటి ఎలక్ట్రోడుతో ఆ చుట్టుపక్కల వెతుకుతారు. అతి తక్కువ కరెంటుకే బాగా ఎగిరే బిందువు కావాలి. కొంచెం పక్కకు జరిగితే పాదం పైకి లేవకుండా బయటికి ఒరుగుతుంది, మళ్లీ జరపాలి. దొరికాక కరెంటును ఒక్కసారిగా ఇవ్వరు. ఒకటి రెండు సెకన్లలో మెల్లగా పెంచి, కాసేపు పట్టి ఉంచి, మెల్లగా దించి, అంతకు మూడు నాలుగింతల విశ్రాంతి ఇస్తారు. 1961లో లిబర్సన్ దీన్ని నడకలోకి తెచ్చాడు. మడమ కింద స్విచ్చు పెట్టి, మడమ లేవగానే నరానికి కరెంటు అందేలా చేశాడు. పాదం తనంతట తాను లేచి అడుగు పడేది.

ఇక్కడ నరం బతికి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. వెన్నుపాము పైభాగాన తెగినా, కింది నరాలు బాగుంటే మిల్లీసెకనులో మూడో వంతు ఉండే పల్స్ చాలు, కండరం కదులుతుంది. నరమే చచ్చిపోతే ఆ పల్స్‌కు ఉలకదు, పలకదు. 100 మిల్లీసెకన్ల పొడవాటి పల్స్ కావాలి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల కోసమే ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఉంది. 1965లో ఎవరెస్టు ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తుపాకి గుండుకు వెన్నుపాము దెబ్బతిన్న మేజర్ హెచ్‌.పీ.ఎస్. అహ్లూవాలియా స్థాపించిన ఆసుపత్రి అది. ఫిజియోథెరపీ చదువూ అక్కడ ఉంది. ఢిల్లీలోనే విష్ణు దిగంబర్ మార్గ్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థలోనూ ఉంది. ఫిజియోథెరపీ డిగ్రీలో, ఇలాంటి చికిత్సలు నేర్పే ఎలక్ట్రోథెరపీ ఒక పాఠ్యాంశం. వెన్నుపాము రోగుల దగ్గర ఇంకో జాగ్రత్త ముఖ్యం. స్పర్శ లేని చర్మం కాలినా మనిషికి తెలియదు. అందుకే ముందు స్పర్శ తెలుస్తోందో లేదో పరీక్షించి గాని ప్యాడు పెట్టకూడదు.

ఇంత నైపుణ్యమున్నా అల్ట్రాసౌండ్, కరెంటు రెండూ తోడు చికిత్సలే. అల్ట్రాసౌండ్‌పై వచ్చిన పరిశోధనలను 2001లో రాబర్ట్‌సన్, బేకర్ జల్లెడ పట్టి, నొప్పికీ కండర గాయాలకూ అది ఉత్తుత్తి చికిత్స కన్నా మేలని చెప్పే ఆధారం చాలా తక్కువని తేల్చారు. నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో చేయించే వ్యాయామానిదే అసలు పని. మీరు క్లినిక్కుకు వెళ్తే, గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, గర్భవతి అయినా, క్యాన్సర్ ఉన్నా, కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉన్నా ప్యాడు అంటించకముందే చెప్పండి. పది నిమిషాలు మిషన్ పెట్టి పంపేస్తుంటే, ఇంట్లో చేయాల్సిన వ్యాయామం ఏమిటో అడిగి మరీ రాయించుకోండి.