టెనర్ గాత్రము - తారస్వరౌచిత్యము

పాశ్చాత్యుల ఒపెరాలో ప్రేమనాయకుని పాత్రను సాధారణముగా టెనర్ గాత్రము గలవాడు ధరించును. ఈ గాయకుల కీర్తి పెక్కుమారులు పై 'సి' అను ఒక్క తారస్వరముపై ఆధారపడి యుండును. దానిని నిండుగొంతుతో పలుకుటయే టెనర్ ప్రతిభకు గీటురాయి యని పలువురి భావన. ఈ భావన ఎంతవరకు గ్రాహ్యమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ గీటురాయి ఒపెరాతోపాటు పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిదశలో టెనర్లు అత్యున్నతస్వరములను శిరఃస్వరముతో, సన్నగా, సుకుమారముగా పలికెడివారు. 1829లో ప్యారిస్‌లో ప్రదర్శితమైన రొస్సీనీ 'గియోమ్ టెల్'నందు అర్నోల్డ్ పాత్రను తొలుత ధరించిన అడాల్ఫ్ నూరీ ఈ సంప్రదాయమువాడు. జిల్బేర్ దూప్రే 1831లో ఇటలీలోని లుక్కాలోను, 1837లో ప్యారిస్‌లోను అదే పాత్రయందు పై 'సి'ని ఉరఃస్వరముతో పలికి శ్రోతలను పరవశులను గావించెను. నూరీ ప్యారిస్ రంగస్థలమును వీడి, ఇటలీలో నూతనరీతిని అభ్యసింప యత్నించి, 1839లో నేపుల్స్‌లో ప్రాణత్యాగము చేసికొనెను. 1840లో దిదే, పెత్రెకా అను ఫ్రెంచి వైద్యులు ఈ నూతన గానరీతిపై ఒక వ్యాసమునే ప్రకటించిరి.

శార్ఙ్గదేవుడు మంద్రమునకు హృదయమును, మధ్యమునకు కంఠమును, తారమునకు మూర్ధమును స్థానములుగా చెప్పెను. ఆ పరిభాషలో దూప్రే తారమును హృదయస్థానమునుండి పలికించె ననవచ్చును. ఇది పోలిక మాత్రమే; ఈ భేదమునకు మూలము స్వరతంత్రుల కంపనరీతి యని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఇక, ఈ బలము రసపోషకమా యనునది ప్రశ్న. మూడు సందర్భములను పరిశీలింతము. మొదటిది 'గియోమ్ టెల్' నాల్గవ అంకము. శత్రువులచే తండ్రిని కోల్పోయిన అర్నోల్డ్ అనుచరులను యుద్ధమునకు పురికొల్పుచున్నాడు. ఇచ్చట ఉరఃస్వరము వీరమునకు సహజమైన ఊపిరి. రెండవది 1853 నాటి వెర్డీ 'ఇల్ త్రొవతోరే'. తల్లిని చితినుండి రక్షింప బయలుదేరు మన్రీకో పాట చివర వినవచ్చు పై 'సి' వెర్డీ వ్రాసినది కాదు, గాయకులు చేర్చినది. అయినను పాత్ర ఆవేశమునకు అది విరుద్ధము గాదు గనుక సహింపదగును.

మూడవది భిన్నము. 1871లో కైరోలో ప్రదర్శితమైన 'ఆయిదా'లో రదామేస్ ఏకాంతమున ప్రియురాలిని తలచుచు పాడు పాట కలదు. దాని తుది తారస్వరమును మిక్కిలి మెల్లగా, క్రమముగా అణగిపోవునట్లు పాడవలెనని వెర్డీ సూచించెను. కాని పెక్కుమంది టెనర్లు దానిని బిగ్గరగా పలికి కరతాళధ్వనుల నందుకొందురు. స్వప్నము ఘోషగా మారును. శృంగారమును వీరము మ్రింగివేయును. స్వరము తప్పలేదు, రసము తప్పినది.

శ్రోతల ఆనందము కూడ ఒపెరాలో భాగమే కదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. 1972లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ రంగస్థలమున పవరోటీ డానిజెట్టీ రచనలోని తొమ్మిది పై 'సి'లను పలికినప్పుడు సభ ఉప్పొంగెను. అచ్చట నాయకుడు కోరిన కన్య తనకు దక్కబోవుచున్నదని పొంగిపోవుచున్నాడు. సభ ఆనందము పాత్ర ఆనందముతో ఏకమైనది. రదామేస్ ఏకాంతమున అట్టి ఏకత్వము లేదు.

కావున టెనర్‌కు గీటురాయి బలము కాదు, ఔచిత్యము. మొలనూలు మెడలో శోభింపదని క్షేమేంద్రుడు అలంకారములను గూర్చి చెప్పినది తారస్వరమునకును వర్తించును. దూప్రే విజయము టెనర్‌కు ఒక శక్తిని చేకూర్చినదే గాని నూరీ మార్గమును దోషయుక్తమని నిరూపింపలేదు. ఈ రెండు మార్గములు నెరిగి, ఏ సందర్భమున దేనిని గ్రహింపవలెనో తెలిసినవాడే ఉత్తమగాయకుడు. కరతాళధ్వనులను లెక్కించుటకు విమర్శకుడు అక్కరలేదు. ఆ వివేకమును గుర్తించుటయే అతని పని.