పరియా లోయలో ముందు నడిచేవారు

అమెరికాలో యూటా నుంచి ఆరిజోనాలోకి సాగే పరియా నది ఎర్రటి ఇసుకరాతిని నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ లోయలో వైట్ హౌస్ అనే చోటు నుంచి లీస్ ఫెర్రీ అనే చోటు దాకా సుమారు 38 మైళ్లు, నాలుగైదు రోజుల నడక. నడిచేది గట్టు మీద కాదు, చాలావరకు ఏట్లోనే. అక్కడి గైడ్ల పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కర్రతో ముందు నేలను గుచ్చి చూస్తారు. కర్ర సులువుగా దిగబడిందా, అది ఊబి. వెనకవాళ్లను పక్కకు తప్పిస్తారు. నీళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. ఊట కనిపిస్తే అక్కడే సీసాలన్నీ నింపిస్తారు. లేదంటే బురదనీటిని మడత బకెట్లో పట్టి, రాత్రంతా కదలకుండా ఉంచుతారు. మన ఇళ్లలోలాగే చిటికెడు పటిక వేసేవారూ ఉన్నారు. తెల్లారాక పైతేటను మెల్లగా వంచుకుని ఫిల్టరులో పోస్తారు. ఇరుకు గోడల మధ్య తలకు ఎంతో ఎత్తున ఇరుక్కున్న దుంగల్ని చూపించి, వరద అంత ఎత్తు వస్తుందని చెబుతారు. నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన బ్రైస్ కాన్యన్ వైపు వాన పడితే చాలు, నది పొంగుతుంది. అందుకే బయల్దేరేముందే ఎగువ వాతావరణం చూసుకుంటారు, గుడారాలు ఎత్తు మీదే వేయిస్తారు. మలమూ చెత్తా సంచుల్లో మోసుకొస్తారు, ఏదీ లోయలో వదలరు. మీరెప్పుడైనా వెళ్తే జులై నుంచి సెప్టెంబరు దాకా వానల కాలం వదిలేయండి. గైడ్ వెనక్కి తిరుగుదామంటే మారుమాటాడకుండా తిరగండి.