‘పట్టేసింది’ అనే మాట వెనక

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఒక మైదానం. పదిహేనేళ్ల కుర్రాడు రన్నప్ మధ్యలో ఆగిపోయి ఎడమ నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ‘‘పట్టేసింది సార్’’ అన్నాడు. కోచ్ ఉన్నచోటు నుంచే ‘‘వంగి సాగదీయ్, పోతది. ఇంకో రెండు ఓవర్లు వెయ్’’ అని కేకేశాడు. కుర్రాడు వంగి కాలివేళ్లు ముట్టుకున్నాడు, లేచాడు, రెండు ఓవర్లూ వేశాడు. ప్రహరీ పక్కన నిలబడ్డ కాలమిస్టుకు ఆ పన్నెండు బంతులూ చూడబుద్ధి కాలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆయన పాత పోరు తెలుసు. కుర్ర ఫాస్ట్ బౌలర్ కిట్‌బ్యాగులో ఒక నోటుబుక్కు ఉండాలి, నెట్స్‌లో వేసినవి సహా ప్రతి ఓవరూ అందులో ఎక్కాలి. ఇంగ్లండ్ బోర్డు ఏళ్ల తరబడి అమలు చేసిన నియమం ప్రకారం పదిహేనేళ్లలోపు పేసర్‌కు స్పెల్‌కు 6 ఓవర్లు, రోజుకు 12. మన వీధి మైదానాల్లో ఆ లెక్క ఎవరికీ పట్టదు.

నడుం విషయంలో మనకు ఒకటే మాట. బస్తా మోసిన హమాలీకీ పట్టేస్తుంది, నాట్లేసిన కూలీకీ పట్టేస్తుంది, బంతి వేసిన పిల్లాడికీ పట్టేస్తుంది. వెంటనే ఇంట్లోంచి అమృతాంజనం వస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన వ్యాపారం అది. తర్వాత ఆయనే ఆంధ్రపత్రిక స్థాపించారు. తెలుగు పత్రికల్లో నాలుగక్షరాలు రాసే ఎవరికైనా ఆ సీసా మీద మమకారం ఉండాల్సిందే. దాని ఘాటు ఊరట ఇస్తుంది. ఎముకలో పడిన చీలికను మాత్రం అతికించలేదు.

చీలిక అన్న మాట ఊరికే అనలేదు. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకు తాకే క్షణంలో శరీర బరువుకు ఐదారు రెట్ల బలం పైకి ఎగదన్నుతుంది. సరిగ్గా అప్పుడే నడుం వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. కుడిచేతి బౌలర్‌కు ఆ ఒత్తిడి ఎక్కువగా ఎడమవైపు, నడుం పూసల్లో అడుగునున్న రెండింటి వెనకభాగంలోని సన్నటి ఎముక మీద పడుతుంది. ఎముక నొచ్చినప్పుడు చుట్టూ ఉన్న కండరాలు దాన్ని కదలనివ్వకుండా బిగుసుకుంటాయి. కుర్రాడికి తెలిసేది ఆ బిగుతే. ముందుకు వంగి సాగదీస్తే ఎముక మీద భారం తగ్గి కాసేపు హాయిగా ఉంటుంది, కండరమే పట్టేసిందనిపిస్తుంది. నడుం నొప్పితో వచ్చిన 100 మంది కౌమార క్రీడాకారులను అంతేమంది పెద్దవాళ్లతో పోల్చిన ఒక అమెరికా అధ్యయనం 1995లో వచ్చింది. కుర్రవాళ్లలో 47 శాతం మందికి ఈ చీలిక కనిపించింది, పెద్దవాళ్లలో 5 శాతానికే. అందుకే పెద్దల నడుముకు చెప్పే వైద్యం పిల్లలకు చెప్పకూడదు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా కాలమిస్టుకు ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ గుర్తొస్తాడు. 1972లో ఇంగ్లండ్ వెళ్లి 31 వికెట్లు తీసిన లిల్లీ, ఆ వేసవి తర్వాత పాకిస్తాన్‌తో సిడ్నీ టెస్టులో నడుం నొప్పితోనే బంతులు వేశాడు. 1973లో వెస్టిండీస్ వెళ్లి కింగ్‌స్టన్‌లో ఒక్క వికెట్టూ లేకుండా కుప్పకూలాడు. పూసల్లో చీలికలని తేలింది. వారాల తరబడి మొండేనికి పిండికట్టు. బౌలింగ్ యంత్రంలా దూసుకొచ్చే మనిషి అటూ ఇటూ తిరగలేక కూర్చున్నాడు. ఆ తర్వాతి కథే కాలమిస్టుకు ప్రాణం. పెర్త్‌లో ఫ్రాంక్ పైక్ అనే వ్యాయామ శాస్త్రవేత్త పర్యవేక్షణలో లిల్లీ పరుగు నుంచి మొదలుపెట్టి ఒళ్లంతా మళ్లీ కట్టుకున్నాడు. బంతి వేసే తీరునూ సరిదిద్దుకున్నాడు. 1974-75 యాషెస్‌లో థామ్సన్‌తో కలిసి దిగి 25 వికెట్లు పడగొట్టాడు. రిటైరయ్యే నాటికి 355. 1987లో చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ మొదలైనప్పుడు మన కుర్రాళ్లకు గురువుగా వచ్చింది ఆ విరిగి అతుక్కున్న నడుమే.

లిల్లీ కథను ఇన్నాళ్లూ ఈ కాలమ్ ‘తక్కువ వేయించండి’ అనే హెచ్చరికగానే చెప్పింది. బుమ్రా దానికి తోడు నిలిచాడు: 2019లో ఎముక చీలిక, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స, 2025 జనవరిలో సిడ్నీలో మళ్లీ నడుం పట్టేసి మైదానం వీడటం. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు.

కానీ ఆ ఐదూ ఆడిన మన హైదరాబాదీ ఉన్నాడు. సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు, ఓవల్‌లో చివరి రోజు 6 పరుగుల తేడాతో గెలిపించాడు. ఓవర్ల సంఖ్యే దోషి అయితే ఆ నడుం ఎప్పుడో పట్టేయాలి.

ఇద్దరి శరీరాలూ వేరు, యాక్షన్‌లూ వేరు. అయినా కాలమిస్టు తన వాదాన్ని మళ్లీ తిరగేయక తప్పలేదు. ఎముక మోసేకొద్దీ గట్టిపడుతుంది, క్రమంగా పెంచితే. ఖాళీగా ఉంచి ఒక్కసారి మీద పడేస్తేనే చిట్లుతుంది. నెలంతా టీ20ల్లో నాలుగేసి ఓవర్లు వేసి, టెస్టులో ఒక్కరోజే ఇరవై వేయడం అలాంటిదే. ఇంకా ముదరని ఎముకకు అది మరీ ప్రమాదం. పద్దెనిమిదేళ్లకు 2011లో జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి 7 వికెట్లు తీసిన ఆస్ట్రేలియా పేసర్ కమిన్స్, గాయాల పాలై, రెండో టెస్టుకు 2017 మార్చిలో రాంచీ దాకా ఆగాడు.

సోమవారం కుర్రాడి తండ్రి ఫోన్ చేశాడు. ‘‘ఎన్ని ఓవర్లు వెయ్యొచ్చు సార్?’’ పాత అలవాటున ‘ఆరు’ అని నోటిదాకా వచ్చింది. కాలమిస్టు ఆగి, పోయిన నెల ఎన్ని వేశాడని అడిగాడు. తండ్రి ఫోన్ కొడుక్కిచ్చాడు. ‘‘పరీక్షలుండె సార్, నెల రోజులు బాల్ ముట్టలే. సెలవులొచ్చినంక వారంలనే నాలుగు మ్యాచులాడిన.’’

వెనక్కి వంగితే ఎక్కడ నొప్పి అని అడిగితే, ఎడమవైపు ఒక్క చోటే, వేలితో చూపించేటంత అన్నాడు. ఇలాంటి నొప్పిని తొలి దశలో ఎక్స్‌రే పట్టలేకపోవచ్చు, ఎంఆర్ఐ పట్టగలదు. కుర్రాడికి గురువారం స్కాన్ ఉంది. అప్పటిదాకా బంతి ముట్టనని ఒప్పుకున్నాడు. నోటుబుక్కు కొనమని చెప్పినప్పుడు కాలమిస్టు ఈసారి ఒక గడి పెంచాడు: పక్కనే, పోయిన వారం ఎన్ని వేశావో కూడా రాయి.